అనంతగిరిలో అయిదు మంచాలు

పోయిన వేసవిలో మా వీధిలో నాకు జరిగినన్ని మర్యాదలు తెనాలిలో ఏ కొత్తల్లుడికీ జరిగి ఉండవు. పాలు పోసే అప్పయ్య నీళ్లు కలపడం మానేశాడు. ఎదురింటివాళ్లు బుట్టతో గుడ్లు పంపారు. స్కూల్లో నన్ను నిలబడి పాఠం చెప్పనివ్వలేదు, కుర్చీ వేశారు. ఇదంతా నా గొప్పతనమే అనుకుని వారం రోజులు మురిసిపోయాను. తీరా చూస్తే, ఒక పోస్టు కార్డు మీద జిల్లా పేరు రాయడం మర్చిపోయిన పాపానికి వీధి వీధంతా నన్ను టీబీ రోగిని చేసేసింది. నన్నొక్కదాన్నే కాదు, ఇంటిల్లిపాదినీ.

మర్చిపోయింది ఎవరో కాదండోయ్. పన్నెండేళ్లుగా ఆడపిల్లల స్కూల్లో సోషల్ చెబుతున్న విమలా టీచరు. మ్యాపు పాయింటింగులో ఊరు అరంగుళం పక్కకి జరిగితే మార్కు కోసేసే టీచరు. మీరు టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి గానీ, పొరమారకుండా చూసుకోండి.

అసలు సంగతి సత్యవేదమ్మ గారి దగ్గర మొదలైంది. ఆవిడ నాకు చిన్నప్పుడు పాఠం చెప్పిన టీచరు. నేను సోషల్ టీచర్ని అయ్యానంటే ఆవిడ వల్లే. పెళ్లి చేసుకోలేదు. బాపట్లలో హెడ్మిస్ట్రెస్సుగా చేసి మార్చిలో రిటైరయ్యారు. సన్మానానికి నేనూ వెళ్లాను. దండలూ, శాలువాలూ, ఉపన్యాసాలూ అయ్యాక నన్ను పక్కకి పిలిచి, ఇన్నేళ్లూ బోర్డు మీద తూర్పు కనుమలు గీశాననీ, మంగళగిరి కొండ తప్ప ఇంకో కొండ ఎరగననీ చెప్పారు. కొండ మీద నిలబడి కిందికి చూస్తే మబ్బులు కనపడతాయట కదా అని అడిగారు.

చూసినదానిలా అవునన్నాను. నేనూ మంగళగిరి దాటినదాన్ని కాదు. కానీ ఆవిడ మొహం చూశాక నా నోరు ఊరుకోలేదు. ఈ వేసవిలోనే మిమ్మల్ని కొండల్లోకి తీసుకెళ్తాను టీచర్, అనంతగిరి, బొర్రా గుహలు, అరకు, అన్నీ చూద్దాం అనేశాను. ఆవిడ నవ్వి ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. తడి కళ్లతో నా చెయ్యి పట్టుకున్నారు. ఇంక వెనక్కి తగ్గేదెలా?

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. మా ఆయన ఇక్కడే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. పెళ్లి శుభలేఖలో కూడా తప్పులు ఏరి, పక్కన గుర్తులు పెట్టే మనిషి. ఆయన అడిగిందల్లా కారెక్కడిది అని. రేపల్లె అన్నయ్యగారిది అన్నాను. అన్నయ్యగారంటే మా ఆడబిడ్డ భర్త వెంకటరత్నం గారు. రేపల్లెలో రైసు మిల్లుంది. కిందటేడే సెకండు హాండు అంబాసిడరు కొన్నారు. కబురు పెడితే ఆయన మాకంటే ముందే సిద్ధం. నేనే నడుపుతా, ఘాట్ రోడ్డంటే ఏముంది, మన కాలవ కట్ట ఎక్కించినట్టేగా అన్నారట. డెల్టాలో పుట్టినవాడికి కాలవ కట్టే హిమాలయం.

మా అత్తయ్య కూడా వస్తానన్నారు. కాకపోతే దారిలో అన్నవరం ఉండాలన్నారు. ఉందన్నాను. అయితే కొండ కూడా చూస్తాలే అన్నారు, నాకేదో ఉపకారం చేస్తున్నట్టు. అలా లెక్క తేలింది. నేను, మా ఆయన, అత్తయ్య, సత్యవేదమ్మ గారు, అన్నయ్యగారు. అయిదుగురం.

ఆ పదిహేను రోజులూ మా ఇల్లు చూడాల్సింది. గోడకి మ్యాపు. మ్యాపు మీద దారం. ప్రెస్సు నుంచి తెచ్చిన చిత్తు కాగితాల వెనక నా ప్లాను. మొదటి రోజు చీకటితో బయల్దేరి బెజవాడ, అక్కణ్ణించి గోదావరి ఒడ్డు. కారుని పంటు పడవ ఎక్కించి దాటించి రాజమండ్రిలో మకాం. రెండో రోజు అన్నవరం దర్శనం, అనకాపల్లిలో భోజనం, విశాఖపట్నం చేరడం. మూడో రోజు శృంగవరపుకోట మీదుగా కొండ ఎక్కడం. కొండ మీద నాలుగు రోజులు. ఎక్కడ టిఫిను, ఎక్కడ టీ, ఏ పూట ఏ పచ్చడి జాడీ తీయాలి, అన్నీ రాశాను. స్వెట్టర్లు తెనాలిలో ఎవరి దగ్గరా లేవు. పాత దుప్పట్లు చించి అత్తయ్య మెడకి కట్టుకునే గుడ్డలు కుట్టారు. ఎండలు మండిపోతున్న ఏప్రిల్లో మా ఇంట్లో అందరం ఆ మెడ గుడ్డలు కట్టుకుని సరిపోయాయో లేదో చూసుకుంటున్నాం. ఆ చూసుకోవడం వీధిలోంచి కనపడిందన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇంక మిగిలింది కొండ మీద బస. అనంతగిరిలో కాఫీ తోటల మధ్య ఒక బంగళా ఉందనీ, ముందుగా ఉత్తరం రాస్తే గదులిస్తారనీ మా ఆయనకి ప్రెస్సులో ఎవరో చెప్పారు. జవాబు కార్డు కొనుక్కొచ్చాను. అదేనండి, రెండు కార్డులు కలిసి ఉంటాయి చూడండి, ఒకటి మనం రాయడానికి, రెండోది వాళ్లు చింపి జవాబు రాయడానికి. రెండో కార్డు మీద నా అడ్రసు గుండ్రంగా రాశాను. మొదటి కార్డులో ఇలా రాశాను.

"అయ్యా, మేము అయిదుగురం. ఇక్కడి ఎండలకి తట్టుకోలేక మంచి గాలి కోసం కొండ మీద ఉండాలనుకుంటున్నాము. మాలో ఇద్దరు పెద్దవాళ్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు. గాలీ వెలుతురూ ఉన్న గది, అయిదు మంచాలు, పొద్దున్నే వేడినీళ్లు, పాలు దొరికేలా చూడవలసిందిగా ప్రార్థన. మీ జవాబు మీదే మా ఆశ అంతా ఉంది."

ఇప్పుడు మీకు నవ్వొస్తోంది. అప్పుడు నాకు రాలేదు. మా ఆయనకి చూపిస్తే ఒక దీర్ఘం సరిచేసి, ఒక చోట కామా పెట్టి, బాగుందన్నారు. కార్డు తిప్పి అడ్రసు వైపు మాత్రం చూడలేదు. తర్వాత అడిగితే, మేటరు చూడటమే నా పని, అడ్రసు రాసినవాళ్ల పూచీ అన్నారు. ఆ అడ్రసులో నేను రాసింది ఇంతే. మేనేజరు గారు, బంగళా, అనంతగిరి కొండలు, ఆంధ్రప్రదేశ్.

వారం తిరిగేసరికి జవాబు వచ్చింది. వచ్చిన సంగతి నాకు తప్ప వీధిలో అందరికీ తెలిసింది.

మా పోస్టుమాన్ కోటయ్య మంచివాడు. కార్డులన్నీ చదువుతాడు. ఎవరింట్లో మనవడు పుట్టాడో కార్డు ఇవ్వకముందే గుమ్మంలో నిలబడి చెబుతాడు. ఆ రోజు మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడట. నేను స్కూల్లో ఉన్నాను. ఇంట్లో అత్తయ్య ఒక్కరే. ఆవిడ చేతిలో ఆ కార్డు పెట్టడానికి అతనికి మనసు రాలేదు. పక్కింటి శేషమ్మ పిన్నిగారి దగ్గరికి వెళ్లి, అమ్మా, టీచరమ్మ గారు రాగానే నెమ్మదిగా మీరే ఇవ్వండి, నా వల్ల కాదు అని ఇచ్చి వెళ్లిపోయాడట.

పిన్నిగారు కార్డు చదివారు. చదివి కూలబడ్డారు. సాయంత్రం నేను చేతిలో మ్యాపు పట్టుకుని నవ్వుకుంటూ రావడం చూసి, పిచ్చిపిల్ల, ధైర్యంగా నటిస్తోంది అనుకుని ఏడ్చారట. ఆ కార్డు నా చేతికి ఇవ్వలేక దేవుడి పటం వెనక దాచారు. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుని ఒక్కరికే చెప్పారు. ఆ ఒక్కరు ఇంకొక్కరికే చెప్పారు. మా వీధిలో మనుషులు మాట మీద నిలబడతారు, ఎవరూ ఇద్దరికి చెప్పలేదు.

ఇంక మర్నాటి నుంచి చూడండి నా వైభోగం.

పొద్దున్నే అప్పయ్య పాలు పోశాడు. కాస్తే పైన వేలెడు మీగడ. ఇన్నేళ్లలో మా ఇంట్లో మీగడ మొహం చూడలేదు. ఏంటి అప్పయ్యా, గేదె మారిందా అని అడిగాను. అతను నేల చూపులు చూస్తూ, "మీకు ఇంక కలపనమ్మా" అని గబగబా వెళ్లిపోయాడు. పశ్చాత్తాపం వచ్చింది, మంచిదే అనుకున్నాను.

మధ్యాహ్నం ఎదురింటి నుంచి గుడ్లు వచ్చాయి. కొండ మీదికి ప్రయాణం అని విని పంపారనుకున్నాను. దారిలో పగిలిపోతాయేమోనని అప్పటికప్పుడే ఉడికించుకు తిన్నాం. తినేసరికి ఇంకో బుట్ట వచ్చింది.

స్కూల్లో హెడ్మిస్ట్రెస్సు గారు పిలిచి, సుద్దముక్క పట్టుకోవద్దమ్మా, ఆ పొడి మంచిది కాదు, కూర్చుని చెప్పు చాలు అన్నారు. స్టాఫ్ రూములో నాకు విడిగా గాజు గ్లాసు పెట్టారు. మిగతా అందరికీ మామూలు స్టీలు గ్లాసులే. మా తోటి టీచర్లు నాతో కిటికీ దగ్గర నిలబడే మాట్లాడుతున్నారు. ముందు బెంచీ పిల్లలు రెండు బెంచీలు వెనక్కి వెళ్లారు. ఇన్నాళ్లకి నా క్లాసులో క్రమశిక్షణ వచ్చిందని ఇంటికెళ్లి గొప్పగా చెప్పాను. మా ఆయనకి కూడా ప్రెస్సులో ఫాను కింద సీటు ఇచ్చారట. త్వరలో ఫోర్‌మన్ని చేస్తారేమోనని ఆయన అనుమానం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మన రోజులు తిరిగాయి అనుకుంటూ మీగడ పెరుగు వేసుకు తిన్నాం.

ఒక్క అత్తయ్యకే ఏదో తేడాగా అనిపించింది. గుళ్లో ఆడవాళ్లు తనకి చోటిచ్చి దూరంగా జరుగుతున్నారన్నారు. వయసుకి గౌరవం ఇస్తున్నారు అత్తయ్యా అని నేనే సర్దిచెప్పాను.

సరిగ్గా అప్పుడే రేపల్లె నుంచి కబురొచ్చింది. కారు ఇంజను పాడైంది, ప్రయాణం మానుకోండి అని. సత్యవేదమ్మ గారికి ఏం చెప్పను? ఆవిడ బాపట్లలో పాత స్వెట్టరు ఒకటి సంపాదించి, దానికి బొత్తాలు కుట్టుకుంటున్నానని ఉత్తరం కూడా రాశారు. కారు ఏ పాటి పాడైందో చూసొద్దాం, కావాలంటే మెకానిక్కుని తెనాలి నుంచి తీసుకెళదాం అని ఆదివారం పొద్దున్నే మేమిద్దరం రేపల్లె బండెక్కాం.

వెళ్లేసరికి కారు గుమ్మం ముందు తళతళా మెరుస్తోంది. మిల్లు డ్రైవరు దాన్ని కడిగి, స్టార్టు చేసి, చక్కగా షెడ్డులోకి తీసుకెళ్లాడు. ఇంజను పాడైన కారు అంత చక్కగా వెళుతుందని నాకు తెలీదు.

మా వదిన మమ్మల్ని వసారాలోనే కూర్చోబెట్టింది. పళ్లేలు కాకుండా అరిటాకులు వేసింది. వడ్డిస్తూ నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను నొచ్చుకున్నాను. కారు ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా అనుకున్నాను. ఇంతలో అన్నయ్యగారు వచ్చారు. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడే మనిషి, పిల్లిలా వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"అమ్మా విమలా, నా దగ్గర దాచకు. నాకు ఎప్పట్నించి ఉంది?"

"ఏముందన్నయ్యగారూ?"

"అదేనమ్మా, టీబీ."

మా ఆయన తింటున్న ముద్ద ఆకులోనే వదిలేశారు. అన్నయ్యగారు అప్పుడు మొత్తం చెప్పుకొచ్చారు. తెనాలి నుంచి వచ్చిన ధాన్యం వ్యాపారి చెప్పాడట, టీచరమ్మ ఇంట్లో అయిదుగురికీ జబ్బని ఆసుపత్రి నుంచి కార్డు వచ్చిందని. అయిదుగురూ ఎవరా అని లెక్కపెట్టుకుంటే అయిదో మనిషి తనే. మిల్లులో తవుడు దుమ్ముకి ఎప్పుడూ దగ్గుతూనే ఉంటారు కదా, ఆ దగ్గు అప్పట్నించి ఆయనకే కొత్తగా వినిపించడం మొదలైంది. బాపట్ల వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నారు. డాక్టరు ఏమీ లేదు పొమ్మన్నాడు. మొహం మీద చెప్పలేక అలా అన్నాడనుకుని ఇంకా దిగులు పెట్టుకున్నారు. ఆ ఎక్స్‌రే తెచ్చి వాకిట్లో వెలుతురుకి పట్టి, ఈ మచ్చేనా అమ్మా అని నన్నడుగుతున్నారు. అది ఆయన గుండె.

కారు సంగతి వదిన తలుపు చాటు నుంచి చెప్పింది. ఈ ప్రయాణం వంకతో అన్నయ్యగారిని కొండ మీదికి తీసుకెళ్లి ఆసుపత్రిలో వదిలేసి వస్తారని భయపడిందట. కారు తాళం తన నగల పెట్టెలో పెట్టేసింది.

మాకెవరికీ జబ్బు లేదండీ, అసలు మాకే కార్డూ రాలేదు అన్నాం. ఆయన నమ్మలేదు. ఆ కార్డు చూస్తేనే నమ్ముతానన్నారు. వదిన దగ్గర తాళం అడిగి తీసుకుని, ముగ్గురం అదే కారులో తెనాలి వచ్చాం.

కారు దిగగానే వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. కార్డు ఎవరి దగ్గరుందని కోటయ్యని అడగక్కర్లేకుండానే శేషమ్మ పిన్నిగారు ఏడుస్తూ ఎదురొచ్చారు. "నీ చేతికి ఎలా ఇవ్వనమ్మా" అంటూ దేవుడి పటం వెనక నుంచి కార్డు తీసిచ్చారు. దాని అంచుకి కుంకుమ అంటి ఉంది.

చదివాను.

"మీ కార్డు చేరినది. ఒకే ఇంట అయిదుగురు అని తెలిసి విచారించితిమి. ప్రస్తుతము మంచములు ఖాళీ లేవు. పెద్దవారిద్దరికి ముందుగా ఇచ్చుటకు ప్రయత్నించెదము. వచ్చునపుడు అందరి ఛాతీ ఎక్స్‌రేలు, కఫ పరీక్ష కాగితములు తేవలెను. ఈ జబ్బు ఈ రోజులలో పూర్తిగా నయమగును. ధైర్యముగా నుండవలెను."

పైన ఆసుపత్రి రబ్బరు ముద్రలో ఊరి పేరు ఉంది. అనంతగిరి, వికారాబాదు దగ్గర. అది చూడగానే నాకు సంగతంతా అర్థమైంది. రాష్ట్రంలో అనంతగిరులు రెండున్నాయండి. ఒకటి విశాఖపట్నం వైపు, కాఫీ తోటలు ఉన్నది. రెండోది హైదరాబాదు అవతల, టీబీ ఆసుపత్రి ఉన్నది. ఇది నాకు తెలియక కాదు. మూసీ నది ఆ రెండో అనంతగిరి దగ్గరే పుడుతుందని ఏటా పిల్లలచేత బట్టీ పట్టించేది నేనే. పాపం పోస్టువాళ్లు మాత్రం ఏం చేస్తారు? జిల్లా లేని కార్డు, అందులో మంచి గాలి, ఆయాసం, మంచాలు, పాలు. తీసుకెళ్లి సరైన చోటే ఇచ్చారు.

నేను అందరికీ ఈ సంగతి విడమరిచి చెబుతుండగా ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులో సత్యవేదమ్మ గారు. పక్కన ఒక రేకు పెట్టె, పరుపు చుట్ట, కిరసనాయిలు స్టవ్వు. మాట బాపట్ల దాకా పాకిందన్నమాట.

ఆవిడ దిగి, చుట్టూ ఉన్నవాళ్లెవర్నీ చూడకుండా తిన్నగా నా దగ్గరికొచ్చి రెండు భుజాలూ పట్టుకున్నారు.

"ఇల్లు తాళం పెట్టి వచ్చాను విమలా. ఆసుపత్రిలో ఎన్ని నెలలుండాలంటే అన్ని నెలలు నీ పక్కనే ఉంటా. నేనే వండిపెడతా. ఇప్పుడు నాకు వేరే పనేముంది?"

విడిగా గ్లాసు పెట్టినవాళ్లని చూశాను, దూరం జరిగినవాళ్లని చూశాను. ఈవిడ ఒక్కరే ఏమీ ఆలోచించకుండా నన్ను దగ్గరికి తీసుకున్నారు. అంతదాకా నవ్వాలో ఏడవాలో తెలియక ఉన్నదాన్ని, అప్పుడు మాత్రం ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. అది చూసి వీధిలో వాళ్లు, చూశారా, నిజమే అనుకున్నారట.

తర్వాత కార్డు ఆవిడ చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. పైన ఊరి పేరు దగ్గర ఆగారు. తలెత్తి నన్ను చూశారు. ఆ చూపు నాకు చిన్నప్పట్నించి తెలుసు. తెలియకుండానే చేతులు కట్టుకున్నాను.

"అడ్రసులో జిల్లా రాశావా?"

"లేదు టీచర్."

"తాలూకా?"

"లేదు టీచర్."

ఇన్నేళ్లలో ఆవిడ అంత నవ్వగా నేను చూడలేదు. నవ్వి నవ్వి రేకు పెట్టె మీద కూర్చుండిపోయారు. ఆవిణ్ణి చూసి అన్నయ్యగారు నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది, ఆ దగ్గుకి ఎవరూ భయపడలేదు.

నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంత అల్లరి అయ్యాక ఏ మొహం పెట్టుకుని ప్రయాణం అంటాను? మానేద్దాం టీచర్, నన్ను క్షమించండి అన్నాను. ఆవిడ నవ్వు ఆపి, చాలా మామూలుగా, "నేను పెట్టె సర్దుకుని బయల్దేరి వచ్చాను. కొండ చూడకుండా ఇంటికి వెళ్లను. కూర్చుని ఇంకో ఉత్తరం రాయి" అన్నారు.

ప్రయాణం దాకా ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు. మేం అనుకున్న తేదీ ఇంకా నెలరోజులుంది. ఆ నెల మా అత్తయ్యకీ ఆవిడకీ ఎంత స్నేహం కుదిరిందంటే, టీచరు గారి ప్రార్థనకి అత్తయ్య తలుపు దగ్గరగా వేసేవారు, అత్తయ్య పూజకి టీచరు గారు పూలు కోసేవారు.

ముందు ఆసుపత్రివాళ్లకి క్షమాపణ రాశాను. ఆ మంచాలు నిజంగా కావలసినవాళ్లకి ఇవ్వమని రాశాను. వీధిలో మాత్రం మాకు జబ్బు లేదంటే సగం మంది నమ్మలేదు. పాపం, ధైర్యం కోసం అలా చెప్పుకుంటున్నారు అన్నారు. పదిరోజులకి ఆసుపత్రి నుంచి రెండో కార్డు వచ్చింది. ఈసారి కోటయ్య వీధి మొదట్లోనే సైకిలు దిగి, కార్డు ఎత్తి పట్టుకుని, ప్రతి గుమ్మం ముందూ ఆగి చదువుకుంటూ వచ్చాడు. "మీరందరు ఆరోగ్యముగా నుండుట తెలిసి మిక్కిలి సంతోషించితిమి. మీ పేర్లు కొట్టివేసితిమి. మీ ప్రయాణము సుఖముగా జరుగుగాక." కార్డులు చదివే అలవాటు మంచిదేనని ఆ రోజు ఒప్పుకున్నాను. మర్నాడు అప్పయ్య పాలలో మళ్లీ నీళ్లు కలిపాడు. నాకు పూర్తిగా నయమైందని వీధికి అప్పుడు ఖాయమైంది.

ఇంక అసలు అనంతగిరికి ఉత్తరం. ఈ జన్మలో మళ్లీ కార్డు ముట్టనని కవరు కొన్నాను. దాని మీద అక్షరాలు చెక్కినట్టు రాశాను. మేనేజరు గారు, యాత్రికుల బంగళా, కాఫీ తోటల దగ్గర, అనంతగిరి, శృంగవరపుకోట తాలూకా, విశాఖపట్నం జిల్లా, ఆంధ్రప్రదేశ్. మా ఆయన చూశారు. సత్యవేదమ్మ గారు చూశారు. అత్తయ్యకి చదువు రాకపోయినా ఆవిడా కవరు అటూ ఇటూ తిప్పి చూశారు. అందరం కలిసి వెళ్లి డబ్బాలో వేసి, పడిందో లేదో చెయ్యి పెట్టి చూసుకుని మరీ వచ్చాం.

జవాబు రాలేదు. రోజూ కోటయ్య మా గుమ్మం దగ్గర దిగులుగా తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు. బయల్దేరాల్సిన రోజు రానే వచ్చింది. గది దొరక్కపోతే ఏ స్కూల్లోనో పడుకుందాం, కొండ అయితే ఎక్కడికీ పోదుగా అన్నారు సత్యవేదమ్మ గారు. వదిన తనే తాళం తెచ్చి అన్నయ్యగారి చేతిలో పెట్టింది. పచ్చడి జాడీలు, మెడ గుడ్డలు, నా ప్లాను కాగితాలు, అన్నీ ఎక్కించుకుని వీధి వీధంతా చెయ్యి ఊపుతుంటే బయల్దేరాం.

ప్రయాణం నేను గీసినట్టే సాగింది. పంటు మీద గోదావరి దాటాం. అన్నవరంలో అత్తయ్యకి మంచి దర్శనం అయింది. శృంగవరపుకోట దాటాక మొదటి మలుపులో అన్నయ్యగారు మాట్లాడటం మానేశారు. మూడో మలుపులో స్టీరింగుకి దండం పెట్టారు. అయిదో మలుపులో కారు వేడెక్కి ఆగిపోయింది. ఊటనీళ్లు తెచ్చి పోసి, చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. అదే మేలయింది. ఎండ తగ్గి, లోయలోంచి తెల్లగా ఏదో కదిలింది. పొగేమో అనుకున్నాను. అది మా కాళ్ల కింద నుంచి పైకి లేచి, చెట్ల మధ్య నిలిచి, మెల్లగా పక్క కొండ మీదికి వెళ్లింది. సత్యవేదమ్మ గారు నా చెయ్యి పట్టుకుని అంచుదాకా వెళ్లి వంగి చూశారు. చాలాసేపు అలా చూస్తూనే ఉన్నారు. నేను పడ్డ అవమానమంతా అక్కడితో తీరిపోయింది.

పొద్దు వాలుతుండగా బంగళా చేరాం. మా ఆయన ముందు దిగి, గది ఉందో లేదో అడగడానికి మాటలు కూడదీసుకుంటున్నారు. ఇంతలో తలపాగా చుట్టుకున్న కాపలా మనిషి ఒకాయన పరుగున వచ్చి, కారులోకి తొంగిచూసి అయిదుగురినీ వేలితో లెక్కపెట్టాడు.

"విమలమ్మ గారంటే మీలో ఎవరండి?"

నేనేనన్నాను. ఆయన జేబులోంచి నలిగిన కవరు తీశాడు. నా ఉత్తరమే.

"చేరింది తల్లీ. ఇన్నాళ్లూ మీ కోసమే చూస్తున్నా. ఫారెస్టు రేంజరు బాబు చదివి చెప్పారు, అయిదుగురు వస్తారని. ఏ రోజు వస్తారో మాత్రం రాయలేదట. జవాబు రాద్దామంటే మీదే ఊరో కూడా రాయలేదట. ఏ పూట దిగుతారో ఏమో అని రోజూ అయిదు మంచాలూ దులిపి, వేడినీళ్లు కాచి కూర్చుంటున్నా. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు."

మా ఆయన కొండల వైపు చూస్తున్నారు. అన్నయ్యగారు కారు టైరు చూస్తున్నారు. సత్యవేదమ్మ గారు కవరు అందుకుని విప్పి చూశారు. కింద సంతకం ఒక్కటే ఉంది. విమల అని, ముత్యాల్లాంటి అక్షరాలతో. జవాబు కార్డు అలవాటయి, కవరులో మన అడ్రసు మనమే రాసుకోవాలన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ పెద్దాయన మా సామాను దింపుకుంటూ, ఎంతో ఆదరంగా, తమరేం చేస్తుంటారు తల్లీ అని అడిగాడు.

టీచర్నని చెప్పాను. ఏం చెబుతారమ్మా అన్నాడు.

లెక్కలు చెబుతానన్నాను.